పదకొండున్నర అంగుళాల బాకు

"మంగళవారం పదకొండు నలభైకి పార్సిల్ డెలివరీ అయిందని మీ శాఖ తరఫున ఒక్క కాగితం ఇవ్వండి మేడం. అంతకు మించి మీతో మాకు పని లేదు," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వినయ్ కుమార్.

"ఆ కాగితం ఇవ్వడానికి వీల్లేదు సార్," అంది ఎలీషబా.

"ఎందుకని?"

"మంగళవారం పదకొండు నలభైకి ఆ పార్సిల్ చెన్నైలో ఉంది. కస్టమ్స్ వాళ్ల బల్ల మీద."

వినయ్ కుమార్ చేతిలోని పెన్ను కింద పెట్టాడు. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. పన్నెండింటికల్లా ముద్దాయిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రిమాండు రిపోర్టు తయారైపోయింది. అందులో ఖాళీగా ఉన్నది ఒక్క పోస్టాఫీసు కాగితం తాలూకు వరసే.

ఎలీషబా తపాలా శాఖ ఇన్‌స్పెక్టరు. పదిహేడేళ్ల సర్వీసు. లాఠీ లేదు, తుపాకీ లేదు, వెనక కానిస్టేబుళ్లు లేరు. భుజానికి ఒక గుడ్డసంచి, అందులో టేపు, భూతద్దం, తెల్ల కాగితాలు. పోయిన మనియార్డర్లు, చింపిన కవర్లు, దొంగ సంతకాలు ఆమె కేసులు. హత్య కేసులోకి ఆమెను లాగింది ఒక గోధుమరంగు కాగితం.

బుధవారం తెల్లవారి నల్లరాళ్లపాడులో కమ్మరి చెంచయ్య తన కొలిమి పక్కనే శవమై కనబడ్డాడు. రొమ్ములో బాకు దిగి ఉంది. మంగళవారం రాత్రి ఏడు, ఎనిమిది మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. శవానికి మూరెడు దూరంలో పార్సిల్‌కు చుట్టే గోధుమరంగు కాగితం పడి ఉంది. దాని మీద ఇంగ్లండ్ నుంచి వచ్చినట్టు లేబుల్, ట్రాకింగ్ నంబరు, చిరునామా. నరేష్, చరిత్ర లెక్చరర్, గుండ్లోనిపల్లె. కింద చేతిరాతతో 'మంగళవారం, 11.40, అందింది'. నరేష్‌కు పాత కత్తులు, బాకులు పోగుచేసే సరదా ఉందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. గురువారం మధ్యాహ్నం పోలీసులు అతణ్ణి కాలేజీలో పాఠం చెబుతుండగానే తీసుకొచ్చారు.

"మీ కంప్యూటర్లు తప్పు చెప్పవా?" అన్నాడు వినయ్ కుమార్.

"చెబుతాయి. అందుకే పొద్దున చెన్నైకి ఫోన్ చేసి రిజిస్టరు చదివించుకున్నాను." ఎలీషబా ఒక కాగితం తీసింది. "పంపినాయన కస్టమ్స్ ఫారంలో 'డాగర్' అని రాశాడు. ఆ మాట చూసి వాళ్లు పార్సిల్ ఆపారు. అలుగు తొమ్మిది అంగుళాలు దాటినా, వెడల్పు రెండు అంగుళాలు దాటినా అది ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. లైసెన్సు లేకుండా బయటి దేశం నుంచి తెప్పించుకోకూడదు."

"అలుగు అంటే?"

"పిడి వదిలేసి, కోసే భాగం. నరేష్‌కు నోటీసు పంపారు. అతను తన చేత్తో జవాబు రాసి రిజిస్టర్ పోస్టులో పంపాడు. మంగళవారం పదకొండు ఇరవై అయిదుకు అధికారి పార్సిల్ విప్పి కొలిచాడు. పిడితో కలిపి మొత్తం పదకొండున్నర అంగుళాలు. అలుగు ఏడున్నర. తొమ్మిదికి లోపలే. మళ్లీ మూసి, సీలు వేసి, పన్నెండూ అయిదుకు వదిలిపెట్టాడు. అప్పటికి మీ కవరు మీద అందినట్టు రాసి ఇరవై అయిదు నిమిషాలు దాటింది."

"ఇప్పుడెక్కడుంది?"

"ఈ ఉదయం ఆరున్నరకు మార్కాపురం చేరింది. పదకొండుంబావు లోపల తపాలా సంచిలో గుండ్లోనిపల్లె బ్రాంచి ఆఫీసుకు చేరుతుంది."

"అయితే నేను స్వాధీనం చేసుకుంటాను. ఇప్పుడే లెటరిస్తా."

"మీ లెటరు చాలదు సార్. తపాలాలో ఉన్న వస్తువు పోలీసులకివ్వాలంటే కోర్టు ఆర్డరో, కలెక్టరు గారి ఆర్డరో కావాలి. అది వచ్చేదాకా ఆపి ఉంచమని ఎస్పీ గారు రాస్తే ఆపుతాం. మీరు రాస్తే ఆపడానికి కూడా లేదు."

"హత్య కేసు మేడం ఇది. నాకు రూల్స్ చెప్పకండి."

"నన్ను కాగితం అడగడానికి పిలిపించింది ఎవరు సార్? నా పని కాగితాలే." ఆమె గొంతు పెంచలేదు. "బ్రాంచి పోస్టుమాస్టరు సరళకు తొమ్మిదింటికే చెప్పాను. చిరునామాదారు చేతికి తప్ప ఎవరికీ ఇవ్వొద్దని."

మూల బల్ల దగ్గర ఫైలు కుడుతున్న యువకుడు తలెత్తాడు. ముప్పై ఏళ్లుంటాయి. చొక్కా జేబులో నాలుగు పెన్నులు. "సార్, నేను మాట్లాడొచ్చా?" అన్నాడు వినయంగా.

"మహేంద్ర. అడ్డరోడ్డులో నెట్ సెంటర్. మా పంచనామా సాక్షి," అన్నాడు వినయ్ కుమార్.

"ఆ కవరు మీద నంబరు నేనే చదివి రాయించినా మేడం. కళ్లారా చూసినా. పార్సిల్ రాకపోతే కవరు ఎట్ల వస్తుంది?"

"అదే నేనూ అడగాలనుకుంటున్నా తమ్ముడూ," అంది ఎలీషబా. "కవరు చూపిస్తారా సార్?"

వినయ్ కుమార్ విసుగ్గానే బీరువా తెరిపించాడు. కవరూ, బాకూ వేర్వేరు ప్లాస్టిక్ సంచుల్లో ఉన్నాయి. మధ్యాహ్నం ల్యాబుకు పోతాయి. ఎలీషబా సంచి విప్పకుండానే లేబుల్ మీద భూతద్దం ఆనించింది. విదేశీ పార్సిళ్ల లేబుళ్లు ఆమె వేలల్లో చూసింది. వెనక జిగురున్న స్టిక్కర్ కాగితం మీద వస్తాయి. ఇది మామూలు జిరాక్స్ కాగితం, బంకతో అంటించారు. కస్టమ్స్ ముద్ర ఎక్కడా లేదు. లేబుల్ పై నుంచి కిందికి రెండు సన్నటి నల్లగీతలు దిగాయి, వాటి నడుమ వరిగింజంత సందు. అచ్చులో భాగం కాదు అవి, ప్రింటరు డ్రమ్ము గీసుకుపోయినప్పుడు పడే గీతలు. ఆమె ఫోన్‌తో ఫోటో తీసుకుంది.

తర్వాత బాకు. సంచి పైనుంచే టేపు పరిచింది.

"పిడి నాలుగున్నర. అలుగు..." ఆమె రెండోసారి కొలిచింది. "పదకొండున్నర. మొత్తం పదహారు అంగుళాలు. సార్, చెన్నైలో రాసుకున్న అట్టపెట్టె పొడవు పదమూడు అంగుళాలు. పదహారు అంగుళాల బాకు అందులో పట్టదు. ఒకవేళ పట్టినా, పదకొండున్నర అలుగు చూసి కస్టమ్స్ వాళ్లు వదలరు."

వినయ్ కుమార్ టేపు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "ఇంకో పార్సిల్‌లో తెప్పించి ఉంటాడు. ఇలాంటి పిచ్చోళ్లు ఒక్కటితో ఆగరు. పది నిమిషాలిస్తా, వాణ్ణే అడగండి. తర్వాత నా ముద్దాయి కోర్టుకు పోతాడు."

మహేంద్ర కాగితాలు సర్దుకుని లేచాడు. "సార్, నరేష్ సార్ కాలేజీకి సెలవు చీటీ ఇమ్మన్నాడు. సంతకం పెట్టించుకున్నా. ఇచ్చేసి వస్తా."

"కానీయ్," అన్నాడు వినయ్ కుమార్, అతని వైపు చూడకుండానే.

నరేష్ లాకప్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పై ఆరేళ్ల మనిషి. రాత్రంతా నిద్రలేని కళ్లు. ఎలీషబా ఎదురుగా స్టూలు వేసుకుంది. వినయ్ కుమార్ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"చెంచయ్య మీకు ఫోన్ చేసినాడని పోలీసుల రిపోర్టులో ఉంది. ఎప్పుడు?"

"సోమవారం సాయంత్రం మేడం. ఆరు దాటినాక."

"ఏమన్నాడు?"

"'సారూ, మీ బాకు అయిపోయినాది. పిడికి తాడు చుట్టమంటారా, తోలు ఎక్కియ్యమంటారా' అన్నాడు. 'ఏం బాకు పెద్దాయనా, నేనేం చెప్పలేదే' అన్నా. 'మీరే కదా కాయితం పంపించింది' అన్నాడు. ఎవరికో చేయబోయి నాకు చేసినాడనుకున్నా. రేపు వచ్చి మాట్లాడతాలే అని పెట్టేసినా."

"పోయినారా?"

"మంగళవారం కాలేజీ అయినాక అయిదింటికి పోయినా. కొలిమి దగ్గర ఎవరూ లేరు. అయిదు నిమిషాలు చూసి ఇంటికి పోయినా."

"చూసినవాళ్లు?"

"జాహ్నవి ఉంది. నా భార్య. పెళ్లాం సాక్ష్యం సాక్ష్యమే కాదన్నారు సారు."

గుమ్మంలోంచి వినయ్ కుమార్ అందుకున్నాడు. "బాకు చేయించుకున్నాడు, ముసలాయన నోరు జారుతాడని పొడిచాడు. ఫోన్ కాల్ ఉంది. అయిదింటికి అక్కడున్నట్టు తనే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి?"

"ఇందాక పార్సిల్‌లో వచ్చిందన్నారు సార్. ఇప్పుడు చెంచయ్య చేసిచ్చినాడంటున్నారు. రెండిట్లో ఒకటి చెప్పండి."

వినయ్ కుమార్ వాచీ చూసుకున్నాడు.

ఎలీషబా నరేష్ వైపు తిరిగింది. "చెన్నైలో ఆగిన బాకు ఏంది? ఎందుకంత పట్టుబట్టి తెప్పించుకున్నారు?"

నరేష్ తల దించుకున్నాడు. "ఇంగ్లండులో ఒక నాటకాల కంపెనీ మూతపడి సామాన్లు అమ్మేసింది మేడం. నాటకంలో వాడే కత్తి అని ఫోటో పెట్టినారు. పెద్దది చేసి చూస్తే పిడి కింద తెలుగు అక్షరాలు కనపడినాయి. 'కంభం' అని చదవచ్చు. పాలెగాళ్ల కాలం నాటిది. నాకు అనుమానమే లేదు. అదే నిజమైతే దానికి వెల కట్టలేరు."

"అది మీకు కాక ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. జాహ్నవికి కూడా చెప్పలేదు. చేతికొచ్చినాక మ్యూజియానికి రాద్దామనుకున్నా." అతను తలెత్తాడు. "చెంచయ్యను నేనెందుకు చంపుతా మేడం? మా నాయన సేద్యం చేసినన్నాళ్లూ ఆయన దగ్గరే కర్రు చరిపించుకున్నాడు."

ఎలీషబా లేచింది. టైము పదీ నలభై. "సార్, కొలిమి చూడాలి."

"మేం చూసేశాం. వేలిముద్రలు తీశాం, కొలతలు తీశాం."

"మీరు హంతకుడి కోసం చూశారు. నేను కాగితం కోసం చూస్తా. నరేష్ పేరు చెప్పి చెంచయ్యకు ఎవరో కాగితం ఇచ్చారు. ఆ కాగితం మీ పంచనామాలో ఉందా?"

లేదు. ఆ సంగతి వినయ్ కుమార్ ముఖంలోనే తెలిసింది. "మిమ్మల్ని ఒంటరిగా నా సీన్‌లో వదలను," అని జీపు తాళాలు అందుకున్నాడు. పంచనామా నకలు కూడా చేతిలో పెట్టుకున్నాడు, ఆమెకు ఒక్కో వరసా చదివి వినిపించాలని.

నల్లరాళ్లపాడు చేరేసరికి పదకొండూ అయిదు. కొలిమి ఇంటి పక్కనే, రేకుల పంచ కింద. ఒక పక్క కరెంటు బ్లోయరు, ఇంకో పక్క ఇనుము పెట్టి చరిచే దాగలి, గోడకు వేలాడుతున్న పట్టుకార్లు, సగం చరిచిన కొడవళ్లు. నేల మీద పోలీసుల సుద్దగీత ఇంకా చెరగలేదు. చెంచయ్యను నిన్ననే మట్టి చేసి వచ్చారు. మంగళవారం రాత్రి వేరే ఊళ్లో ఉండిపోయిన భార్య సరోజమ్మ ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఉంది. జీపు చూసి లేవలేదు.

"ఇంకేం చూస్తారు నాయనా. మొన్న చూసిపోయినారు కదా," అంది వినయ్ కుమార్‌తో.

ఎలీషబా చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చుంది. "నేను పోలీసును కాదక్కా. పోస్టాఫీసు దాన్ని. చెంచయ్యన్న ఆ బాకు ఎందుకు ఒప్పుకున్నాడు?"

సరోజమ్మ ఆమెను తేరిపార చూసింది. రెండు రోజుల్లో తన మొగుడు ఏం చేశాడని కాక ఎందుకు చేశాడని అడిగిన మనిషి ఈమే.

"ముందు చెయ్యనన్నాడమ్మా. కొడవలి, గొడ్డలి, కర్రు, అంతే ఆయన పని. మనుషుల మీదికి పొయ్యేటివి ముట్టుకోడు. నరేష్ సారు కాలేజీ పిల్లోళ్లకు చూపియ్యాలంటున్నాడు, చదువు పని అంటే మెత్తబడినాడు. ఆ లారీ కమాన్ పట్టీ కోసి చేసినాడు." ఆమె చెయ్యి చూపిన చోట ఒక చివర కొత్తగా కోసిన ఇనుప పట్టీ గోడకు ఆనించి ఉంది.

వినయ్ కుమార్ దాని దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. కోత మీద ఇంకా తుప్పు పట్టలేదు.

"నరేష్ సారు అడిగినాడని ఎవరొచ్చి చెప్పినారక్కా?"

"నేను చూళ్లేదమ్మా. గొర్రెలకు ఆకు కొట్టుకొచ్చేదానికి పోయినా. వచ్చేసరికి మోటరుబండి పోతా ఉండె. వీపు కనపడింది, అంతే. ఎవరని అడిగితే, 'కాయితాలు ఇచ్చిపోయినాడులే, నీకెందుకు' అన్నాడు. రెండు ఇచ్చినాడంట. ఒకటి మసి అయితే ఇంకోటి ఉంటాదని."

"అవి ఏమైనాయి?"

"ఒకటి దాగలి పక్కన రాయి కింద పెట్టుకొని చూసుకుంటా చేసినాడు. ఆ పొద్దు నుంచి అది కనపడలే. ఇంకోటి నాకు తెలీదు."

"ఎత్తుకుపోయాడన్నమాట, పొడిచినవాడే," అన్నాడు వినయ్ కుమార్. "అంటే కాగితం లేదు. పదండి మేడం, నాకు కోర్టు టైమవుతోంది."

ఎలీషబా కదల్లేదు. చదువురాని పనివాడు కాగితాన్ని ఎలా వాడుకుంటాడని ఆలోచిస్తోంది. చూసి గీసుకోడు. ఏదైనా గట్టిదాని మీద అంటించి, అంచుల వెంట కత్తిరించి, ఆ ఆకారాన్ని ఇనుము మీద పెట్టి గీత గీసుకుంటాడు. ఆమె పంచలో రేకుముక్కలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. డబ్బా మూతలు, తలుపు బందుల ముక్కలు. ఏదీ కాదు. ఇంటి వెనక్కి నడిచింది. అక్కడ మట్టిగోడ కట్టిన కోళ్ల గూడు. గూడు పక్క సందులో ఒక రేకుముక్క దోపి ఉంది. ఒక చివర వెడల్పు, ఇంకో చివర సూదిలా మొన.

"అక్కా, ఈ రేకు ఏంది?"

"పిల్లి దూరతా ఉందమ్మా. ఆయన ఏదో కత్తిరించి పక్కన పడేసినాడు, నేను తెచ్చి సందులో పెట్టినా. బుధవారానికి ముందే."

ఎలీషబా రుమాలు చుట్టుకుని రేకు బయటికి లాగింది. పైకి ఉన్నవైపు మసి. తిప్పింది. గంజితో అంటించిన పెద్ద సైజు కాగితం, దాని మీద బాకు ఫోటో. ఇంగ్లండ్ అమ్మకందారు వెబ్‌సైటు పేజీ అది. ఫోటో మీదే ఒక అంకె అచ్చయి ఉంది. 11.5.

టేపు పెట్టి చూసింది. రేకు అలుగు పదకొండున్నర అంగుళాలు.

"అయ్యో పెద్దాయనా," అంది తనలో తను.

వినయ్ కుమార్ ఆమె భుజం మీదుగా చూశాడు. "ఇంకేం. నరేష్ తెప్పించుకునే బాకు ఫోటోనే. నరేషే పంపాడు. నా కేసు గట్టిపడింది, థాంక్స్."

"కాదు సార్. నరేష్ బయటపడ్డాడు." ఆమె సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. చెన్నై నుంచి పొద్దున ఫోన్లో వచ్చిన నరేష్ జవాబు నకలు. "చూడండి, ఆయన చేత్తో రాసినది. 'మొత్తం పొడవు పదకొండున్నర, అలుగు ఏడున్నర.' ఈ అంకె మొత్తానిదని ఆయనకు అర అంగుళం తేడా లేకుండా తెలుసు. అలుగు పొడవని అనుకున్నది ఫోటో మాత్రమే చూసినవాడు. కస్టమ్స్‌కు పోయిన ఉత్తరం వాడు చూడలేదు. చెంచయ్యన్నకు అలుగు పదకొండున్నర చెయ్యమని చెప్పినాడు, ఆయన చేసినాడు."

"నకలు బాకు ఎందుకు చేయించాలి?"

"మీ బీరువాలో పెట్టడానికి." ఎలీషబా అతని కళ్లలోకి చూసింది. "ఇంగ్లండ్ నుంచి వచ్చిన బాకు కేసులో ఉందని మీరు రాసేశారు. తెప్పించుకున్నాయన జైల్లో ఉంటాడు. ఇక రెండో బాకు ఒకటి తపాలాలో వస్తోందని ఎవరు అడుగుతారు? అసలుది చప్పుడు లేకుండా ఇంకొకరి చేతికి పోతుంది. తయారుచేసిన మనిషి బతికుంటే ఆ నాటకం నడవదు. అందుకని ఆయన చేసిన బాకుతోనే ఆయన్ను..."

సరోజమ్మ గోడ పట్టుకుని నిలబడి వింటోంది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఎలీషబా మాట అక్కడే ఆపేసింది.

వినయ్ కుమార్ గొంతు తగ్గించాడు. "ఊహలు మేడం ఇవి. మనిషి ఎవరు? పేరు చెప్పండి."

ఎలీషబా రేకును వెలుతురులోకి తిప్పింది. అప్పుడు కనబడ్డాయి. ఫోటో మీదుగా పై నుంచి కిందికి రెండు సన్నటి నల్లగీతలు. వాటి నడుమ వరిగింజంత సందు. ఫోన్‌లో లేబుల్ ఫోటో తెరిచి రేకు పక్కన పెట్టింది. అవే గీతలు. అంతే సందు.

"రెండూ ఒక్క ప్రింటరులోంచే వచ్చాయి సార్. ఆ ప్రింటరు ఎక్కడుందో..." ఆమె చూపు వినయ్ కుమార్ చేతి మీద ఆగింది. "మీ చేతిలోది ఒకసారి ఇస్తారా?"

అతను పంచనామా నకలు ఇవ్వలేదు. తనే కళ్ల దగ్గరికి పెట్టుకుని చూశాడు. పేజీ పొడుగునా రెండు సన్నటి నల్లగీతలు. మొదటి పేజీ, రెండో పేజీ, మూడో పేజీ. అన్నిట్లో ఒకేచోట.

"ఎక్కడ టైపు చేయించారు?"

"స్టేషన్ ప్రింటరు మూలపడి నెలవుతోంది." అతను మళ్లీ మొదటి పేజీ తిప్పాడు. "మహేంద్ర... అడ్డరోడ్డులో..."

"నరేష్ ఫోటో పెద్దది చేయించుకున్నది కూడా అక్కడే అయ్యుంటుంది. ఎవరికీ చెప్పలేదన్నాడు గానీ, ఎవరి చేత చేయించావని నేను అడగలేదు. అడగాల్సిన ప్రశ్న అది." ఆమె రేకు మీద నుంచి తలెత్తింది. "సార్, ఆ సెలవు చీటీ మీరు చదివారా?"

"లేదు."

"లెక్చరర్‌ను క్లాసులోంచి మీరే పట్టుకొచ్చారు. ఆ కాలేజీలో సెలవు చీటీ ఎవరడుగుతారు?"

వినయ్ కుమార్ అప్పటికే ఫోన్ తీశాడు. స్టేషన్లో కానిస్టేబులుతో మాట్లాడాడు. లాకప్‌లో నరేష్‌ను అడిగి చెప్పమన్నాడు. జవాబు విని ఫోన్ దించాడు.

"కాగితం ఖాళీగా ఉందట. పైన తర్వాత టైపు చేసుకుంటానన్నాడట. సంతకం మాత్రమే పెట్టాడట."

తన తరఫున పార్సిల్ తీసుకోవచ్చని చిరునామాదారు రాసిస్తే, ఆ కాగితం ఉన్న మనిషికి ఇవ్వొచ్చు. ఆ రూలు ఎలీషబాకు ఎంత బాగా తెలుసో, రోజూ పదిమందికి ఫారాలు నింపిపెట్టే నెట్ సెంటర్ వాడికీ అంత బాగా తెలుసు. టైము పదకొండూ ఇరవై రెండు. సంచి చేరి ఉంటుంది.

ఆమె సరళ నంబరు నొక్కింది. మోగింది. మోగుతూనే ఉండి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈసారి అవతల కట్ చేశారు.

"ఎంత దూరం?" అన్నాడు వినయ్ కుమార్, జీపు వైపు పరుగెడుతూ.

"ఆరు కిలోమీటర్లు. సగం కంకర రోడ్డు."

రేకును సరోజమ్మ తెచ్చిచ్చిన పాత తువ్వాల్లో చుట్టి ఎలీషబా ఒళ్లో పెట్టుకుంది. జీపు ఊరు దాటి చిల్లచెట్ల మధ్య మలుపు తిరిగింది. వినయ్ కుమార్ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, వైర్‌లెస్‌లో బేస్తవారిపేట వైపు ఉన్న పెట్రోలింగ్ బండిని గుండ్లోనిపల్లెకు మళ్లించమన్నాడు. వాళ్లు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందన్నారు.

"నేనే వాణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టాను," అన్నాడు రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా. "పార్సిల్ ఎన్నింటికి చేరుతుందో మీ చేత నేనే చెప్పించాను."

"ఎవరికీ ఇవ్వొద్దని ఆ పిల్లకు చెప్పింది నేను," అంది ఎలీషబా.

సరళకు ఇరవై ఆరేళ్లు. ఇంటి ముందుగదే పోస్టాఫీసు. భర్త గోపి పొద్దున్నే గొర్రెల వెంట కొండవైపు పోతాడు. పగలంతా ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఇచ్చిన మాట జవదాటే మనిషి కాదు. పోయినేడు ఒక పెద్దమనిషి ఎంత అరిచినా సంతకం తేడాగా ఉందని ఫారం వెనక్కి ఇచ్చేసింది. ఎలీషబాయే ఆమెను మెచ్చుకుంటూ పై అధికారులకు రాసింది.

ఫోన్ మోగింది. సరళ.

"మేడం." గుసగుస. వెనక నుంచి గిన్నె కదిలిన చప్పుడు. "స్టాంపు ప్యాడ్ తెస్తానని వంటింట్లోకి వచ్చినా. నరేష్ సారు రాసిచ్చినాడని ఒకాయన వచ్చినాడు."

"జేబులో నాలుగు పెన్నులున్నాయా?"

"అవును మేడం."

వినయ్ కుమార్ కాలు ఆక్సిలరేటర్ మీద ఇంకా గట్టిగా పడింది. జీపు రాళ్ల మీద ఎగిరిపడింది. ఎలీషబా ఒక చేత్తో ముందున్న కడ్డీ పట్టుకుంది.

"సరళా, నా మాట విను. సంతకాలు పోల్చొద్దు, ప్రశ్నలు వెయ్యొద్దు. పొద్దున చెప్పింది మర్చిపో. ఆ పార్సిల్ ఆయనకు ఇచ్చెయ్. జవాబుదారీ నాది, నేను రాసిస్తా. నవ్వుతా ఇచ్చి పంపించెయ్."

"ఇచ్చేసినా మేడం," అంది సరళ. ఆ గుసగుసలో ఏడుపు ఉంది. "మీరు చెయ్యకముందే ఇచ్చేసినా. ఆయన్ను చూస్తే భయమేసింది, అందుకని. తీసుకున్నాడు. అక్కడే కూర్చొని విప్పి బాకు చేతిలోకి తీసుకున్నాడు. పోతాడులే అనుకున్నా. పోవడం లేదు మేడం. ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా అని అడిగినాడు. వీధి తలుపుకు గడియ పెట్టినాడు."